మా మరిది ఇన్‌ఛార్జి అయిన సంగతి

మా చెల్లెలి మొగుడికి ఒక పేరుంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఇన్‌ఛార్జి గారు అంటారు. అలా పిలిపించుకోవడానికే పుట్టాడాయన. పెళ్లిచూపులప్పుడు నోట్లో నాలుక లేని మనిషి, మన పిల్ల సుఖపడుతుందిలే అనుకున్నాం. నాలుక ఉంది. దానికి పని దొరకలేదంతే.

ఆసుపత్రిలో సామాన్ల గది ఉంటుంది చూడు, దుప్పట్లు, బకెట్లు, చక్రాల కుర్చీలు పెట్టే స్టోరు. అందులో మూటలు మోసేవాడు. స్టోరు ఆఫీసరు పదిహేను రోజులు సెలవు మీద వెళ్తూ తాళంచెవి ఈయన చేతిలో పెట్టి, వచ్చేదాకా ఇన్‌ఛార్జిగా ఉండవయ్యా అన్నాడు. ఆ ఆఫీసరు మళ్లీ రాలేదు, ఇంకెక్కడో ఉద్యోగం చూసుకున్నాడు. కొత్తవాణ్ణి వేసే తీరిక ఎవరికీ లేకపోయింది. పదకొండేళ్లయింది. మా మరిదికి ఆ పదిహేను రోజులు ఇంకా అయిపోలేదు.

నా చిన్నప్పుడు ఛార్జి అంటే బస్సులో కండక్టరుకి ఇచ్చేది, అంతే. తర్వాత టార్చిలైటుకి ఎక్కింది, ఫోనుకి ఎక్కింది. పోలీసులు జనాన్ని కొడితే లాఠీఛార్జి. దెబ్బలు తిన్నవాళ్ల మీదే మళ్లీ రాసేది ఛార్జిషీటు. జబ్బు తగ్గి ఇంటికి పంపిస్తే డిశ్చార్జి. ఒక్క మాటకి ఎంత సంతానమో. మా మరిది ఆ సంసారం మొత్తాన్నీ నెత్తినేసుకున్నాడు. మా చెల్లెలు రెండు రోజులు నా దగ్గరుండి వస్తానంటే, "వంటింటి ఛార్జి అప్పగించి వెళ్లు" అనేవాడు. అప్పగించడమంటే ఏంటనుకున్నావు? గరిటెలు, గ్లాసులు, డబ్బా మూతలు వరసగా పెట్టి చూపించడం. ఆ పిచ్చిది చూపించేది కూడా. తిరిగెళ్లేసరికి అంట్లన్నీ దానికోసం కాచుకుని ఉండేవి. వాటి ఛార్జి మాత్రం ఆయన తీసుకునేవాడు కాదు.

పోయిన ఏడాది దానికి మోకాలు ఆపరేషన్ అయింది, అదే ఆసుపత్రిలో. మూడో రోజు పొద్దున్న కసరత్తు చేయించే డాక్టరమ్మ వచ్చింది.

"ఈ రోజు నిలబడి నాలుగడుగులు వెయ్యాలి. లేకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. పన్నెండింటికి నేను వెళ్లిపోతాను, మళ్లీ సోమవారమే. వాకర్ తెప్పించండి" అంది.

వార్డులో ఉన్న వాకర్లన్నీ ఎవరో ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. నర్సు స్టోరు దాకా వెళ్లి ఉత్తచేతులతో వచ్చింది. కటకటాల తలుపులోంచి ఆరు వాకర్లు కనపడుతున్నాయంట, తాళం వేసుందంట.

తాళంచెవి ఎక్కడుందో వేరే చెప్పాలా. మంచం పక్కన స్టూలేసుకుని కూర్చున్న మా మరిది చొక్కా జేబులో.

"వెళ్లి తియ్యి నాయనా" అన్నాను.

"నేను సెలవులో ఉన్నాను వదినా."

"ఉంటే?"

"సెలవులో ఉన్నవాడు స్టోరు తెరవకూడదు."

"మరెవరు తెరవాలి?"

"నా బదులు వేసినతను. కానీ అతను ఇంకా ఛార్జి తీసుకోలేదు. లిస్టు ప్రకారం అన్నీ చూసుకుని సంతకం పెట్టాలి. నాలుగొందల ముప్పై రకాలున్నాయి."

"చూపించెయ్యి, పీడా పోతుంది."

"సెలవులో ఉన్నవాడు ఎలా చూపిస్తాడు వదినా?"

మొహంలో నవ్వు లేదు, సిగ్గు లేదు. పలక పట్టిన పిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు నాకు.

మా చెల్లెలు ఎప్పుడూ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రోజు అడిగింది. "ఏవండీ, మూడు రోజుల నుంచి ఈ బెడ్‌పాన్ మీద చచ్చిపోతున్నాను. బాత్రూమ్ దాకా నా కాళ్లతో నేను వెళ్లాలి. ఒక్కసారి తియ్యండి."

"నువ్వు పేషెంటువి. నీకు రూల్స్ తెలియవు" అన్నాడు.

అది గోడ వైపు తిరిగింది. ఒళ్లు తిరగడానికి కాలు రాలేదు, మొహమొక్కటే తిరిగింది.

డాక్టరమ్మ అప్పటికి రెండుసార్లు తొంగిచూసి వెళ్లింది. గడియారంలో పదకొండున్నర దాటింది. నేను లేచి ఆయన జేబులో చెయ్యి పెట్టాను. పెన్నూ తాళంచెవీ రెండూ వచ్చాయి. పెన్ను ఆయన ఒళ్లో పడేశాను.

"వదినా, ఇది దొంగతనం కిందికొస్తుంది. మీ మీద ఛార్జిషీటు పడుతుంది" అన్నాడు.

"పడనీ. జైల్లో వేళకి వండి పెడతారంట, పోయి కూర్చుంటాను."

కింద స్టోరు ముందు బల్ల మీద ఆ బదులు మనిషి కాళ్లు బారజాపుకుని, ఒళ్లో లిస్టు పెట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, నేనింకా ఛార్జి తీసుకోలేదండీ" అన్నాడు.

"తీసుకోకు నాయనా. కాళ్లు తీసుకో, నేను లోపలికి పోవాలి."

వాకర్ భుజానేసుకుని మెట్లెక్కేసరికి మా మరిది మోకాలి మీద తెల్లకాగితం పరుచుకుని నా మీద ఫిర్యాదు రాస్తున్నాడు. "ఎన్ని గంటలకి తీశారు వదినా?" అని అడిగాడు కూడా. నేను వాకర్ మంచం పక్కన దింపాను.

డాక్టరమ్మ దాని చంకలో చెయ్యేసి లేపింది. మా చెల్లెలు పెదవి కరుచుకుని ఒక అడుగు వేసింది, ఇంకోటి వేసింది. నాలుగు చాలమ్మా అంటే వినలేదు. బాత్రూమ్ తలుపు దాకా పదకొండు అడుగులు వేసింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది, మొగుడు చూస్తున్నాడేమోనని.

ఆయన తల ఎత్తలేదు. రాస్తున్నాడు.

డాక్టరమ్మని కూడా రావద్దని, అది ఒక్కతే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.