తోమిన కాణీ

కళాయి వేసే రోజుల్లో బుల్లబ్బాయి గారు ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట అనేవారు. "రాగి నల్లబడితే ఇంటి పరువు నల్లబడ్డట్టేనండి అమ్మగారూ." ధవళేశ్వరం నుంచి అటు కడియం, ఇటు బొబ్బర్లంక దాకా సైకిల్ మీద కొలిమితిత్తీ, బొగ్గుల సంచీ, తగరం ముక్కలూ వేసుకుని తిరిగినన్నాళ్ళూ ఆ మాటే ఆయన పెట్టుబడి. విన్న ఆడవాళ్ళు నవ్వుకుని అటక మీంచి గుండిగలూ బిందెలూ దింపేవారు. డెబ్బై దాటాక అదే మాట తిరిగొచ్చి ఆయనకే తగిలింది. ఆ సంగతే ఇది.

కళాయి అంటే ఏంటో నా వయసు వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు, ఆయనే చెప్పారు. ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుసు కాస్తే చిలుము దిగుతుంది. అందుకని లోపల తగరం పూత వేస్తారు. దానికి ముందు చింతపండూ ఇసకా వేసి తోమాలి. పెద్ద గుండిగైతే అందులోకి దిగి, గోడ పట్టుకుని, కాళ్ళతో గిరగిరా తిప్పుతూ తోమాలి. తోమిన రాగిని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అప్పటికి ఏమీ కనపడదు గానీ, నాలుగు రోజులకి వేలిముద్ర నల్లగా తేలుతుంది. అందుకే ఆయన ఎప్పుడూ గుడ్డతోనే పట్టుకునేవారు.

అటక మీంచి దిగిన గిన్నె ఖాళీగా రాదు. అడుగున పాత వడ్లగింజలు, ఎండిన పసుపుకొమ్ము, ఒక్కోసారి చెల్లని నాణెం. ఆయన తీసి ఇచ్చేవారు. చాలామంది "నువ్వే ఉంచుకో బాబూ" అనేసేవారు. ఉంచుకోమన్నాక, బొగ్గులు రాజుకునేలోపు దాని కథ కూడా చెప్పేవారు. కొడుకు జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కి, పసుపుగుడ్డలో కట్టి, తగ్గాక మరిచిపోయిన ముడుపు కాణీ. తమలపాకుల పెట్టెలో పడి ఒక పక్కంతా సున్నం పట్టేసిన అణా. పోయిన ముసలాయన నుదుటి మీద పెట్టి, పాడె లేచేముందు ఎవరో తీసి దాచేసిన రూపాయి, దాని మీద ఎండిన కుంకుమ.

జీవితమంతా తోమడమే పనైన మనిషి ఈ నాణేలని మాత్రం తడిగుడ్డతో కూడా తుడవలేదు. ఒక్కోదాన్ని ఒక్కో అగ్గిపెట్టెలో పెట్టుకున్నారు. వాటి మీద ఏ సంవత్సరం ఉందో ఆయన ఎప్పుడూ చూడలేదు. మరకని బట్టే గుర్తు. "మరక పోతే కాణీ కాణీయేనండి. అందులో ఇంకేముంటుంది?" అని మొదటిసారి కలిసినప్పుడే నాతో అన్నారు. నేను తల ఊపాను. ఆ మాట ఎంత బరువైందో అప్పుడు తెలీలేదు.

వాటిలో ఆయన ఎక్కువ భద్రంగా చూసుకున్నది సంపూర్ణమ్మ గారిది. ఆవిడ రాజమండ్రిలో మిషన్ బడి టీచరు. చెల్లెలి పెళ్ళికని గుండిగ కళాయికి ఇస్తే, అడుగున నూనె ఇంకి నల్లబడిన రాగి కాణీ ఒకటి దొరికింది. పిల్లాడికి బొడ్డు ఉబ్బితే దాని మీద కాణీ పెట్టి గుడ్డ కట్టేవారు అప్పట్లో. ఆవిడ బాబుకీ అలాగే కట్టారు, రోజూ నూనె రాసి. ఆ గుడ్డ నేత అచ్చు కాణీ మీద పడిపోయింది, చిన్న చిన్న గళ్ళలాగా. బాబు ఎనిమిదో నెలలో పోయాడు. ఫోటో కూడా లేదు.

"నేను చూడలేనండి. పారేయలేను కూడా. మీ దగ్గర ఉంచండి" అన్నారట ఆవిడ.

ఉంచారు. తర్వాత స్టీలు వచ్చింది, నాన్‌స్టిక్ వచ్చింది, కళాయి పోయింది, సైకిల్ పోయింది. అగ్గిపెట్టెలు మిగిలాయి. ఆయన భార్య రామతులసి గారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, ఇంట్లో వందల అగ్గిపెట్టెలున్నా పొయ్యి వెలిగించడానికి ఒక్క పుల్ల దొరకదని.

మా కాలేజీ వాళ్ళం కొందరం వెళ్ళి ఒక వీడియో తీసి పెట్టాం. అది బాగా తిరిగింది. ఊళ్ళో పెద్దలు పూనుకుని, కాలువగట్టు పక్కన మూతపడ్డ పఠనమందిరం గది ఇప్పించారు. బుల్లబ్బాయి గారు మ్యూజియం పెట్టమని నాణేలన్నీ రాసిచ్చేశారు. బోర్డులు చేసినవాడు నీలం వెల్వెట్ మీద సైజుల వారీగా అతికించి, గాజుపెట్టెల్లో బిగించాడు. రాజు బొమ్మ ఉన్న రాగి కాణీలే అరవై పైన. అన్నీ ఒక్క బోర్డు మీద, వరుసలుగా. అగ్గిపెట్టెలు చెత్తలోకి వెళ్ళాయి. మరక కళ్ళ ముందుంటే పెట్టె ఎందుకు అనుకున్నారాయన.

కొన్నాళ్ళు బాగా నడిచింది. ఆయన రోజూ వెళ్ళి, వచ్చినవాళ్ళకి ఒక్కో నాణేన్నీ చూపించి కథ చెప్పేవారు. తాళాలు, ఊడ్చే పని, రిజిస్టరులో సంతకాలు పెట్టించే పని ఆయన తమ్ముడి కూతురు వెంకటదుర్గది. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పెదనాన్న పేరున్న గది కదా అని సొంత ఇంటిలా చూసుకునేది.

ఒకరోజు రాజమండ్రి నుంచి కారులో వచ్చినావిడ ఎవరో గాజుపెట్టె చూసి, ఇంత మురికిగా ఉంచారేంటండి, తుడిచే మనిషే లేదా అని దుర్గ మొహం మీదే అనేసి వెళ్ళిపోయింది. దుర్గకి అది గుచ్చుకుంది. ఆ వారమే పెద్దాఫీసరు ఎవరో చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. బుల్లబ్బాయి గారు ఉప్పాడలో బంధువుల పెళ్ళికి వెళ్ళి ఉన్నారు. ఆయన మరకని బట్టే గుర్తుపడతారని తట్టని దుర్గ, ఆయనొచ్చేసరికి చేసేద్దామనుకుంది. బోర్డులన్నీ దింపి, చింతపండు నానబెట్టి, ఒక్కో నాణేన్నీ ఊడదీసి తోమి, పెదనాన్న లాగే గుడ్డతో పట్టుకుని మళ్ళీ వరుసల్లో అతికించింది. గోళ్ళ సందుల్లో పులుపు దిగి వేళ్ళు పగిలాయి. అయినా ఆపలేదు.

ఆయన తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఆపి, కళ్ళు మూసుకోమని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"ఇప్పుడు చూడండి పెదనాన్నా. మా అమ్మ బిందెలు మీరు తోమినట్టు లేవూ?"

గదంతా ఎర్రగా మెరుస్తోంది. ఆయన కాణీల బోర్డు దగ్గరికి వెళ్ళి, గాజు మీద వేలు పెట్టి, ఒక వరుస చివరిదాకా జరిపి, మళ్ళీ మొదటికి తెచ్చారు.

"దేంతో తోమావమ్మా?"

"చింతపండూ ఉప్పూనే. పౌడర్లు ముట్టుకోలేదు. అవి రాగిని తినేస్తాయని మీరే కదా చెప్పారు."

"బాగా తోమావు" అన్నారు. అంతే.

ఆఫీసరు వచ్చారు, మెచ్చుకున్నారు, దుర్గతో ఫోటో కూడా దిగారు. ఏదో పోయిందన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. చెబితే దుర్గ మీదకి వస్తుంది, పొడిగింపు ఆగిపోతుంది. చెప్పకపోతే రోజూ ఆ బోర్డు ముందు నిలబడాలి. నిలబడ్డారు. ఎవరైనా అడిగితే చేతికి దగ్గరగా ఉన్నదాన్ని చూపించి, ముడుపు కాణీ ఇదేనండి అనేవారు. కథలు అవే. చూపించే వేలు మాత్రం ఎటు వెళ్తుందో ఆయనకే తెలీదు. నేను వెళ్ళినప్పుడు మునుపటంత గొంతు లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను.

అప్పుడు సంపూర్ణమ్మ గారు వచ్చారు. ఎనభైకి దగ్గరపడ్డారు. అన్న కూతురు ప్రిస్కిల్లా ఆటోలో తీసుకొచ్చింది. వీడియో చూసినప్పటి నుంచీ వెళ్దామంటున్నారట, బయల్దేరిన ప్రతిసారీ మానేస్తున్నారట.

"బుల్లబ్బాయి గారూ, మావాడిది ఏదండి?"

ఆయన కాసేపు బోర్డు వంక చూసి, పై వరుసలో చివరిది చూపించారు. "ఇదేనండి అమ్మగారూ."

"ఇంత మెరుస్తోందేంటండి? గుడ్డ అచ్చు ఉండేది కదా."

"పదిమందీ చూసేది కదండి. శుభ్రం చేశాం."

ఆవిడ గాజు మీద అరచెయ్యి ఆనించి, పెదాలతో ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయారు. ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నారని రామతులసి గారు తర్వాత చెప్పారు.

నెల తిరిగాక ఆవిడ మళ్ళీ వచ్చారు. ఈసారి మొహం తేటగా ఉంది. సంచిలోంచి ఇంట్లో చేసిన కేకు తీసి దుర్గకిచ్చారు. చూపు సరిగ్గా ఆనట్లేదని, మావాడిది ఎక్కడుందో ఇంకోసారి చూపించమన్నారు. ఆయన వేలు రెండో వరుస మధ్యలో ఆగింది.

ప్రిస్కిల్లా అమాయకంగానే అంది. "పోయినసారి పై వరుసలో చివరిది చూపించారు కదండి?"

దుర్గ కేకు ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన వేలు గాజు మీంచి తీసేశారు.

"తెలీదమ్మగారూ" అన్నారు. "ఇప్పుడే కాదు, పోయినసారీ తెలీదు. మరకలు పోయాయి. అన్నీ ఒకటే మొహం."

"నేనే తోమానండి" అంది దుర్గ.

"నువ్వు కాదు. నల్లబడకూడదు, నల్లబడకూడదని ఊరూరా చెప్పుకు తిరిగింది ఎవరు? నేను. నా మాటే నువ్వు విన్నావు."

సంపూర్ణమ్మ గారు కుర్చీ అడిగారు. కూర్చుని బోర్డు వైపు చూశారు.

"అసలు ఇందులో ఉందాండి?"

"ఉందండి. ఎక్కడికీ పోలేదు. ఈ అరవైలోనే ఉంది."

"అయితే అద్దం తియ్యండి."

అద్దం తియ్యాలంటే ఎవరినో అడిగి అనుమతి తీసుకోవాలి. దుర్గ ఎవరినీ అడగలేదు. తాళం తీసి, బోర్డు ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసేసి, పై వరుస నుంచి మొదలుపెట్టి, ఒక్కో కాణీ మీద బొటనవేలు పెట్టి నొక్కి, కాసేపు ఆగి, పక్కదాని మీదకి వెళ్ళారు. పసిపిల్లాడి పొట్ట మీద నొక్కినంత మెల్లగా. నాలుగో వరుస మధ్యలో ఆవిడ వేలు ఆగిపోయింది.

"తెలియట్లేదండి" అన్నారు. బోర్డు దుర్గకిచ్చి, లేచి, "పదమ్మా ప్రిస్కిల్లా" అన్నారు. తిట్టలేదు. బుల్లబ్బాయి గారి వైపు చూడలేదు కూడా. ఆయన ఆటో దాకా వెనకే నడిచారు. ఆవిడ ఎక్కి కూర్చున్నారు, ఆటో బ్యారేజీ వైపు వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ రాలేదు.

ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ వేలు పెట్టి చూపించడం లేదు. ముడుపు కాణీ ఏదంటే తెలీదంటారు. సున్నం అణా ఏదంటే తెలీదంటారు. కథ అడిగితే చెబుతారు, వీటిలో ఏదో ఒకటండి అని వదిలేస్తారు. ఇదేం మ్యూజియం అని కొందరు మొహం మీదే నవ్వి వెళ్తున్నారు. దుర్గకి అది చూడ్డం కష్టంగా ఉంది.

మొన్న నేను వెళ్ళేసరికి దుర్గ తడిగుడ్డ పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉంది. కాణీల మీద మచ్చలు పడ్డాయి. పై మూడు వరుసలూ, నాలుగో వరుసలో సగం దాకా, ఒక్కోదాని మీదా నల్లగా, స్పష్టంగా, ఒక బొటనవేలి ముద్ర. అక్కడి నుంచి మిగతావన్నీ ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

"తుడిచెయ్యనా పెదనాన్నా?"

బుల్లబ్బాయి గారు లేచొచ్చి, ఆ గుడ్డ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. ఇంతలో స్కూలు పిల్లల్ని తీసుకొచ్చిన మాస్టారు ఒకాయన, ఇవి సగం ఇలా పాడైపోయాయేంటండి అని అడిగారు.

"పాడవలేదండి" అన్నారాయన. చాలా రోజుల తర్వాత గాజు మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఇక్కడి దాకా సంపూర్ణమ్మ గారు వెతికారు."