పరామర్శల పెద్దమనిషి

మా అమ్మాయి, అడిగినవాళ్లందరికీ సీటిచ్చే కమ్యూనిటీ కాలేజీలో చేరిందని అమెరికాలో, ఇర్వింగ్‌లో మా పక్కింటాయనకు నేనే చెప్పుకున్నాను. బుద్ధి తక్కువ పని. రెండేళ్లయ్యాక యూనివర్సిటీకి మారుతుందన్నా ఆయన వినిపించుకోలేదు. మా తెలుగువాళ్లం తలో వంటా తెచ్చుకునే ప్రతి పాట్‌లక్ భోజనంలోనూ నా భుజం తట్టి, గొంతు తగ్గించి ఒకటే పరామర్శ: "పర్లేదులెండి, అదీ కాలేజే కదా."

"కాలేజీ బానే ఉంది డాడీ, కమ్యూనిటీతోనే కష్టం," అని అమ్మాయి పాట్‌లక్‌లకు రావడమే మానేసింది.

ఈమధ్య ఆఫీసువాళ్లు క్లౌడ్ కంప్యూటింగ్ నేర్చుకోమంటే ఆయనా సాయంత్రాలు ఆ కాలేజీకే వెళ్తున్నాడు. పార్కింగ్‌లో మా అమ్మాయిని చూసి తల తిప్పుకున్నాడట.

మొన్న అమ్మాయిని బతిమాలి పాట్‌లక్‌కి తీసుకెళ్లాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన్ని నేనే, కాస్త గట్టిగా, పరిచయం చేశాను.

"మా అమ్మాయికి కాలేజీలో జూనియరండీ."