ఎర్రలైటు వెలిగేదాకా

మా వీధిలో చాలామందికి మా అక్క గ్లెనిస్ అంటే బడి వంటింట్లో కస్టర్డు వడ్డించిన మనిషి. ఆ చేతులే ఒకప్పుడు సగం యూరప్‌ని చిందులేయించాయంటే ఎవరూ నమ్మరు. నేను నమ్మించడానికి చూస్తాను. నాకు ఓపిక తక్కువ, గొంతు ఎక్కువ. అక్క మాత్రం "పోనీవే" అంటుంది.

చిన్నప్పుడు ఆమెకి ఆదివారాలు నిద్ర పట్టేది కాదు. మా షెఫీల్డులో లోయ పొడుగునా ఉక్కు కార్ఖానాలు. మిగతా రోజుల్లో పెద్ద సుత్తులు ఆగకుండా పడుతుండేవి, ఆ దెబ్బల మీద మంచం సన్నగా వణికేది, ఆ ఊపుకే మేం నిద్రపోయేవాళ్ళం. ఆదివారం సుత్తులకి సెలవు. అప్పుడు అక్క లేచి కూర్చుని గోడ మీద వేళ్ళతో దరువు వేసేది. "నీ దరువు తగలెయ్య, పడుకోవే" అని నేను దిండు విసిరేదాన్ని.

బడి మానగానే స్పూన్లకి మెరుగుపెట్టే షాపులో చేరింది. తలకి గుడ్డ, మడ్డి అంటకుండా ఒంటికి పాత పేపర్లు చుట్టుకుని, తిరిగే చక్రం ముందు నిలబడాలి. ఆ రొదలో తక్కినవాళ్ళంతా గొంతెత్తి పాడుతుంటే అక్క రొదనే వినేది. "మూలనున్న చక్రం ఇవాళ దిగులుగా ఉంది" అనేది ఇంటికొచ్చి. ఆ మాట నా ఒక్కదానితోనే అనుకున్నాను. కాదు, ఆ స్పూన్లని పెట్టెల్లో సర్దే నెవిల్‌తో కూడా అంటోందట.

నెవిల్ అంటే నాకు మొదటి నుంచీ పడదు. పొడుగ్గా ఉంటాడు, ఒక కన్నుమీద జుట్టు, అద్దం కనిపిస్తే అడుగు ముందుకు పడదు. కానీ పాడతాడు. మంచులో ఎక్కడో దూరంగా దీపం పట్టుకుని నడిచేవాడి గొంతు అది, ఎంత తిట్టుకున్నా ఆ మాట ఒప్పుకోవాలి. ఇద్దరూ కలిసి ఒక పాత సింథసైజర్ కొన్నారు. హార్మోనియంలా మెట్లుంటాయి గానీ తీగలుండవు, గాలి ఉండదు, కరెంటే పాట. డ్రమ్ములు వాయించే చిన్న పెట్టెకి ఆల్బర్ట్ మామయ్య అని పేరు పెట్టారు. "మామయ్య తాగడు, ఆలస్యంగా రాడు, కడుపునొప్పి అనడు" అని నెవిల్ అందరికీ పరిచయం చేసేవాడు. బ్యాండు పేరు టిన్ వెదర్. అర్థమేమిటని అడిగితే ఇద్దరూ చెరొకటి చెప్పేవాళ్ళు.

మొదటి రికార్డులు మా అత్త ఇంటి అటక మీద టేపులో చేసుకున్నవే. అందులో ఒకటి రేడియోలో వచ్చింది, దాంతో లండన్ కంపెనీ పిలిచింది. ఒకసారి టీవీలోనూ కనిపించారు. అక్క వేళ్ళు మెట్లమీద పరుగెడుతున్నాయి, సింథసైజర్ వైరు మాత్రం ఎక్కడా తగిలించకుండా కిందికి వేలాడుతోంది. "అక్కడ అందరూ వాయించినట్టు నటించాలటే" అంది అక్క, దొంగతనం చేసినంత సిగ్గుగా. ఆ తర్వాతి రికార్డులు కొనేవాళ్ళు లేక మునిగిపోయాయి. కంపెనీ చివరిగా ఒక్క పాటకి అవకాశమిచ్చింది, తమ సొంత స్టూడియోలో.

లండన్ వెళ్ళే వ్యాన్‌లో నేనూ ఉన్నాను. దారంతా మంచు. పొలాలు పాలల్లో నానబెట్టినట్టున్నాయి. నెవిల్ చెప్పాడు: "ఇది ఆడకపోతే నేను అబర్డీన్ పోతా బంగారం. అన్నయ్య సముద్రం మీద చమురు తీసే పనిలో ఉన్నాడు, నాకూ ఇప్పిస్తానన్నాడు." బస్సు డ్రైవరునైనా బంగారం అని పిలిచే ఊరు మాది, కాబట్టి ఆ పిలుపుకి మురిసిపోనక్కర్లేదు. అక్క మురిసిపోయేది. అతను వెళ్ళిపోతే తను ఏమైపోతుందో నాకు తెలుసు. ఆమె దారంతా మాట కూడగట్టుకుంటోంది.

స్టూడియోలో అడుగుపెట్టి అక్క నోరు తెరిచేసరికి గాజు అవతల నుంచి రికార్డు చేసే గడ్డమాయన అన్నాడు: "చూడండి, ఎర్రలైటు వెలిగే వైల్ ఎవరూ నోరు విప్పకండి."

ఇక్కడే వచ్చింది తంటా. లండన్‌లో 'వైల్' అంటే 'ఉన్నంతసేపూ' అని, అంటే లైటు వెలిగి రికార్డు అవుతున్నంతసేపూ మాట్లాడొద్దని. మా ఊళ్ళో అదే మాటకి 'దాకా' అని అర్థం. తొమ్మిది వైల్ ఐదు పని అంటే తొమ్మిది నుంచి ఐదు దాకా. సరే, లైటు వెలిగేదాకా మాట్లాడకూడదన్నమాట, లండన్ వాళ్ళ ఆచారం ఏదో అనుకున్నాం. ముగ్గురం పెదవులు బిగించుకు కూర్చున్నాం. టీ కావాలా అంటే తలలూపాం. "వీళ్ళకి మాటలు రావా ఏంటి?" అని గడ్డమాయన నన్నడిగాడు. నేనూ తలే ఊపాను.

ఎర్రలైటు వెలిగింది. ఆల్బర్ట్ మామయ్య మొదలెట్టాడు. ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి దీపం ఏం చేస్తుంటుంది అన్న పాట అది. అక్క వేళ్ళకింద నుంచి ఆ స్వరాలు నెమ్మదిగా తేలి వస్తున్నాయి, గది నీళ్ళలో మునిగి ఊగుతున్నట్టుంది. లైటు వెలిగింది కదా, ఇక మాట్లాడొచ్చు. తన సింథసైజర్‌కి చెవుల్లేవని, మాట అందులో పడదని ఆమెకి తెలుసు. నెవిల్ ముందున్న మైకు సంగతి మాత్రం గుర్తురాలేదు.

"నెవిల్, వెళ్ళకు" అంది.

అతను పాట అందుకోవాల్సిన చోట అందుకోలేదు. ఆమె వైపు తిరిగాడు. "నిజంగానా?" అన్నాడు. తర్వాత పాడాడు. అంత బాగా అతను అంతకుముందెప్పుడూ పాడలేదు.

పాట అయ్యీ అవకముందే కంపెనీవాళ్ళు లోపలికి ఉరికారు. ఆ మాటలే కావాలి, పాటలో అలాగే ఉంచేద్దాం అని అరుపులు, కౌగిలింతలు. ఆ సందట్లో ఇద్దరికీ ఒక్క మాటకి చోటు లేకపోయింది. తిరిగొచ్చేటప్పుడు నెవిల్ అడిగాడు: "భలే ఐడియా బంగారం. ముందే అనుకున్నావా?"

"ఆ, అనుకున్నా" అంది అక్క. నాకు వాళ్ళిద్దరి తలలూ కలిపి కొట్టాలనిపించింది.

పాట ఆడింది. అలా ఇలా కాదు. హాంబర్గ్‌లో, మిలాన్‌లో, పేరు పలకలేని ఊళ్ళలో పొగమంచులాంటి స్టేజీ పొగలో వాళ్ళు తేలుతూ నిలబడేవాళ్ళు. పాటలో ఆ చోటు రాగానే జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. "వెళ్ళకు" అనేది అక్క. "నిజంగానా?" అనేవాడు నెవిల్, జనం వైపు కన్నుకొట్టి. హాలంతా కేకలు. అక్క మాత్రం జనం వైపు చూసేది కాదు.

కొన్నాళ్ళకి కొత్త మోతలొచ్చాయి, కొత్త కుర్రాళ్ళొచ్చారు. కంపెనీ మర్యాదగానే వదిలించుకుంది. నెవిల్ అన్న మాట ప్రకారం అబర్డీన్‌కి సంచి సర్దుకున్నాడు.

స్టేషనుకి ముగ్గురం వెళ్ళాం. చినుకులు పడుతున్నాయి. అతను రైలు మెట్టుమీద కాలు పెట్టాక అక్క అతని కోటు చెయ్యి పట్టుకుంది. "నెవిల్, వెళ్ళకు" అంది.

అతను నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు, పాడు మనిషి. జుట్టు వెనక్కి తోసుకుని, "నిజంగానా?" అని స్టేజీమీద అన్నట్టే అని, కన్నుకొట్టి, ఆమె నుదుట ముద్దుపెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. రైలు కదిలింది.

బస్సులో నాకు ఆగలేదు. "మొద్దూ! ఈసారి నటన కాదు, నిజంగానే అంటున్నానని చెప్పొచ్చు కదా!"

అక్క తడిసిన కిటికీ వైపు చూస్తూ అంది: "నటన ఎప్పుడే? ప్రతి ఊళ్ళోనూ నిజంగానే అన్నాను."