కుట్టుగదిలో డ్రమ్ముల మోత

బాండుంగ్ శివార్లలో, ఉజుంగ్‌బెరుంగ్‌లో, పెళ్ళికూతురు తొడిగే కెబాయా జాకెట్లు కుట్టించుకోవాలంటే అందరూ రొకాయా దగ్గరికే వెళ్ళేవారు. నలభై రెండేళ్ళ ఆ మనిషి వారానికి రెండు మధ్యాహ్నాలు మిషన్లు గోడవారకి జరిపేసి, అదే గదిలో డ్రమ్ములు వాయించేది. చిన్ననాటి స్నేహితురాలు నీనింగ్ గిటారు పట్టేది. ఇద్దరూ కట్టిన పాటలు నాలుగున్నాయి, రికార్డు చేసింది ఒక్కటీ లేదు.

అద్దెకు తెచ్చిన రెండు మైకులు పెట్టి చూశారు. గదిలో గుండెలదిరేలా మోగిన డ్రమ్ము కంప్యూటర్లో ఖాళీ బిస్కెట్ డబ్బాలా వినబడింది. ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళ పాటలన్నీ రికార్డు చేసిపెట్టే నీనింగ్ తమ్ముడు ఎంతాంగ్ విని నవ్వాడు. రొకాయాని కూడా వాడు 'తేతే' అనే, అంటే అక్కా అనే పిలుస్తాడు.

"మైకుల్ని అని ఏం లాభంలే తేతే! ఆడవాళ్ళ చెయ్యి, దెబ్బలో బరువెక్కడిది?"

రొకాయాకి ఒళ్ళు మండిపోయింది. గోడలకి దుప్పట్లు కట్టింది. డ్రమ్ము తోలు బిగించింది, వదులు చేసింది. చివరికి పడకగదిలో పరుపు కూడా తెచ్చి నిలబెట్టింది. రోజూ మధ్యాహ్నం మూడయ్యేసరికి కప్పు రేకుల మీద వాన మోత, ఆ రోజుకి పని ఆఖరు. చప్పుడు మాత్రం డబ్బాలానే ఉంది.

"రాత్రికి నన్నూ గోడకి ఆనించి నిలబెడతావా ఏంటే?" అన్నాడు భర్త దాదాంగ్.

"అరిస్తే నిలబెడతా. పక్కకి జరుగు కాంగ్!" మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు అది.

నాలుగోరోజు విసుగొచ్చి ఒక మైకు పీకేసింది. మోత నిండుగా వచ్చింది! రెండోది మళ్ళీ పెట్టగానే చిక్కిపోయింది. రొకాయా మైకుల వంక తేరిపార చూసింది. ఒకటి డ్రమ్ముకి దగ్గర, ఇంకోటి దూరం. ఒకే దెబ్బ ఒకదానికి ముందు, ఇంకోదానికి వెనక చేరుతోంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి.

"ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి పెట్టి కుట్టానే నీనింగ్!"

మెళ్ళోని టేపు తీసింది. స్నేర్ అనే చిన్న డ్రమ్ము నడిమధ్య నుంచి ఈ మైకుకి తొంభై సెంటీమీటర్లు, ఆ మైకుకీ తొంభై. వెంట్రుకవాసి తేడా లేకుండా సర్ది, పుల్లలు పట్టుకుని మొదటి పాట వాయించింది.

రికార్డయింది వింటే గదిలో మోగిన మోత మోగినట్టే ఉంది. నీనింగ్ నోట్లో పెట్టుకున్న బాలా-బాలా పకోడీ నమలడం మరిచిపోయి, "రొకాయా! ఇది నువ్వే!" అని ఆమెను వాటేసుకుంది. దాదాంగ్ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు.

సాయంత్రం ఎంతాంగ్ రెండుసార్లు విన్నాడు. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఏ స్టూడియో తేతే? కొట్టిందెవరు?"

"ఇస్త్రీబల్ల పక్కన. కొట్టింది ఆడవాళ్ళ చెయ్యి."

వాడు చెవులు పట్టుకున్నాడు. ఆ తర్వాత సిగ్గు విడిచి, కొలత ఎక్కణ్ణుంచి ఎక్కడికో అడిగాడు. రొకాయా దాచుకోలేదు. టేపు ఒక కొస వాడి చేతికిచ్చి, పట్టుకోమని చూపించింది.

మరుసటి వారం, వాన మొదలయ్యేలోపు, మిగతా మూడు పాటలూ ఒక్క ఊపులో రికార్డయిపోయాయి.