నోటికొచ్చిన రంగులు

గురునాథం గురించి చెప్పాలంటే ముందు అతని నోటి గురించి చెప్పాలి. గూడ్సు బండి డ్రైవరు. తాత పలాస నుంచి పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో మూట దించాడు, తండ్రి ఖలాసీగా రిటైరయ్యాడు, ఆ ఇంట్లో ఇంజనెక్కిన మొదటివాడు వీడే. తండ్రి పోయే దాకా కొడుకుని పేరు పెట్టి పిలవలేదు, నలుగురిలోనూ "మా డ్రైవరు" అనేవాడు.

ఇంజనులో ఒక రివాజు ఉంది. సిగ్నల్ కనబడగానే పక్క సీటులోని అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒకడు పొరబడితే రెండోవాడు పట్టుకుంటాడని. ఇరవై రెండేళ్ళు ఇలా చెప్పీ చెప్పీ గురునాథానికి ఇంట్లో కూడా అదే అలవాటైంది. రాత్రి పడుకోబోతూ భార్య పూర్ణిమ "గ్యాస్ బంద్" అంటే, వంటింటి వైపు తలైనా తిప్పకుండా "గ్యాస్ బంద్" అంటాడు. ఒకరోజు ఆవిడ కావాలనే "వాకిట్లో ఏనుగొచ్చింది" అంది. "ఏనుగొచ్చింది" అనేసి దుప్పటి కప్పుకున్నాడు మహానుభావుడు. కాలనీ అంతా వారం రోజులు నవ్వుకుంది.

2018 వానాకాలంలో అతనికి టీబీ వచ్చింది. రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. మందులు బాగా పనిచేశాయి, కఫం శుభ్రపడింది. డ్యూటీలో చేరేముందు కళ్ళ పరీక్షకి వెళ్ళాడు. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఉంటుందే, అదే. ఏళ్ళ తరబడి అదే పుస్తకం, అదే వరస. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు... గడగడా చెప్పేసి ఫిట్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని వచ్చాడు. మాత్రలు మాత్రం ఇంకా నాలుగు నెలలు వాడాలి. "చూపులో ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే చెప్పు, ఈ మాత్రలతో అదొక్కటే భయం" అని డాక్టరు అన్నాడు. "వెంటనే చెప్తా" అని తిరిగి చెప్పాడు గురునాథం. చెప్పడానికేం, నోరు ఉందిగా!

చేరిన మూడు వారాలకి, కార్తీకంలో ఒక ఆదివారం తెల్లారగానే సైకిలు తీశాడు. ఎనిమిదేళ్ళ కిందట కొన్న సెకండ్‌హ్యాండ్ రేసు సైకిలు, వంకర హ్యాండిలుది. జబ్బు పడ్డాక మొదటి సవారీ. తోడు యుగంధర్, అతని అసిస్టెంటు. అదే కాలనీ కుర్రాడు, వరస కలవకపోయినా "బాబాయ్" అంటాడు. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరికీ బొగ్గు బండి మీద డ్యూటీ ఉంది, ఈలోగా ఒక చుట్టు కొట్టి వద్దామని బయల్దేరారు.

మందిర్ హసౌద్ దాటి పెద్ద రోడ్డు వదిలేశారు. పల్లె రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. వరి కోతలు సాగుతున్నాయి. అక్కడ ఊరికి రెండు మూడు చెరువులు. ప్రతి చెరువు నడుమా ఒక కర్రస్తంభం. చెరువుకి పెళ్ళి చేస్తే గాని ఆ నీళ్ళు వాడుకోరు ఆ జనం, ఆ పెళ్ళి గుర్తు అది. ముందు యుగంధర్, వెనక గురునాథం. సైకిళ్ళ మీదా అదే పాట.

"ఎడమ గొయ్యి!"

"ఎడమ గొయ్యి!"

"ఎదురు ట్రాక్టర్!"

"ఎదురు ట్రాక్టర్!" తర్వాత గురునాథం సొంతంగా ఒక మాట కలిపాడు. "ఏట్రా, కొత్త బనీను కొన్నావు గానీ ఈ బురద రంగేటి? మరో రంగు దొరకనేదా?"

"పొద్దున్నే నానే దొరికానేటి బాబాయ్!" అని యుగంధర్ నవ్వి తొక్కుతూనే ఉన్నాడు. అతని బనీను మిరపపండు ఎరుపు. బాబాయ్ వేళాకోళమాడాడనుకున్నాడు.

ఇరవై కిలోమీటర్ల తర్వాత పాత జమీందారుల కోట వచ్చింది. మట్టిగోడలు చాలామటుకు కరిగిపోయాయి, రాతి సింహద్వారం ఒక్కటే నిలిచి ఉంది. చుట్టూ ఉన్న కందకం చెరువైపోయింది. సైకిళ్ళు ద్వారానికి ఆనించి ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు.

"అరే, సూడు బాబాయ్! చెరువు నిండా ఎర్ర కలువలు!"

"ఎర్ర కలువలు" అన్నాడు గురునాథం.

అన్న తర్వాత చూశాడు. ఆకులు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఆకులే. మసక మసగ్గా, అంతా ఒకటే మట్టి రంగు.

"ఎక్కడ్రా?"

"ఎక్కడేటి, కళ్ళ ముందే! వందుంటాయి."

"నేవురా."

యుగంధర్ బూట్లు విప్పి, మోకాల్లోతు దిగి ఒక పువ్వు తెంపుకొచ్చి చేతిలో పెట్టాడు. పువ్వే. రేకులు వేలికి తగులుతున్నాయి, తడి తగులుతోంది. రంగు మాత్రం వాడేసిన టీ పొడి రంగు. కిందికీ పైకీ తిప్పాడు, ఎండలో పెట్టాడు. అదే రంగు.

"ఇది ఎరుపా?"

"ఎరుపే బాబాయ్."

"నీ బనీను?"

యుగంధర్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఇదీ ఎరుపే."

గురునాథానికి ఇంజను గుర్తొచ్చింది. మొన్న గురువారం యాభై ఎనిమిది పెట్టెల బొగ్గు వెనకేసుకుని వస్తుంటే పక్క నుంచి "రెడ్" అని వినబడింది, తను "రెడ్" అన్నాడు, బ్రేకు వేశాడు. అప్పుడు కళ్ళు ఏం చూశాయి? ఒక దీపం చూశాయి. అంతే. ఎంత తవ్వుకున్నా ఆ దీపానికి రంగు గుర్తు రావడం లేదు. మూడు వారాలుగా తను చూసి చెప్తున్నాననుకున్నాడే, వినే చెప్తున్నాడు! అరే దేవుడా, ఎన్ని సిగ్నళ్ళు, ఎన్ని గేట్లు, గేట్ల దగ్గర ఆగిన ఎంతమంది జనం!

"పోనీలే, నువ్వు సరిగ్గా చెప్పావు గనక..." అన్నాడు.

యుగంధర్ బూట్లు తొడుక్కోబోయి ఆగాడు. తడి కాళ్ళతో అలాగే నిలబడిపోయాడు.

"ఏట్రా?"

"బుధవారం పొద్దున్న మంచు పట్టింది సూడు బాబాయ్. నాకు సిగ్నల్ సరిగ్గా కనబడనేదు. పసుపేమో అని ఊరికే అన్నాను. నువ్వు కూడా ఎల్లో అన్నావు. బాబాయ్ చూశాడు కదా, బస్, అని ఊపిరి పీల్చుకున్నాను."

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ రోజు ఆ బండిలో సిగ్నల్ చూసినవాడు లేడు. గురునాథం చేతిలోని పువ్వు మెట్టు మీద పెట్టేశాడు.

తిరుగు దారిలో ఎవరూ గోతులు చెప్పలేదు, ఎవరూ తిరిగి చెప్పలేదు. గురునాథం బుర్రలో ఒకటే తిరుగుతోంది. చెప్తే ఇంజను పోతుంది. ఏ ఆఫీసులోనో ఫైళ్ళు మోసే పని ఇస్తారు. మందు మారిస్తే చూపు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. "మా డ్రైవరు" అన్న మాట పోతుంది.

అయినా ఇంటికి పోకుండా తిన్నగా రైల్వే ఆసుపత్రికే వెళ్ళాడు, వెనకే యుగంధరూ. డ్యూటీలో ఉన్నవాడు కొత్త డాక్టరు, ఉత్తరాదివాడు. గురునాథం హిందీలో చెప్పిందంతా విని, బీరువాలోంచి పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాడు.

"పన్నెండు" అన్నాడు గురునాథం.

పేజీ తిరిగింది. "ఎనిమిది." మళ్ళీ తిరిగింది. "ఆరు. ఇరవై తొమ్మిది." అంకె వెతుకుదామని కళ్ళు పుస్తకం మీదికి దించేలోపే నోరు అనేస్తోంది! ఆపుదామన్నా ఆగడం లేదు. "యాభై ఏడు."

డాక్టరు నవ్వాడు. "అన్నీ సరిగ్గానే చెప్తున్నారే! జబ్బు పడి లేచారు, ఎండలో అంతదూరం తొక్కారు, కళ్ళు చెదిరి ఉంటాయి. డ్యూటీకి వెళ్ళండి, ఫరవాలేదు." కాగితం లాక్కుని పెన్ను మూత తీశాడు.

గురునాథం నిర్ఘాంతపోయాడు. నిజం చెప్పుకోడానికి వచ్చినవాణ్ణి తన నోరే గెలిపించేసింది. ఊరుకుంటే చాలు, మూడింటికి ఇంజనెక్కొచ్చు. ఎంత ఆశ పుట్టిందంటే, ఆ పెన్ను రెండక్షరాలు రాసేదాకా ఊరుకున్నాడు కూడా.

"సార్, ఆగండి" అన్నాడు. "ఈ పుస్తకం నాకు నోటికొచ్చు. వరస మార్చండి. తలకిందులుగా పట్టుకోండి."

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. పుస్తకం తిరగేసి, నడుమ ఎక్కడో తెరిచి పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ యుగంధర్‌కి తలకిందులుగా ఉన్నా అంకె తెలుస్తోంది. అలవాటు కొద్దీ చెప్పబోయి, అరచేత్తో గట్టిగా నోరు మూసుకున్నాడు.

గురునాథం చుక్కల వంక చాలాసేపు చూశాడు.

"కనబడటం లేదు సార్" అన్నాడు. ఆ పుస్తకం ముందు ఇన్నేళ్ళలో అతను నోటితో కాక కళ్ళతో చెప్పిన మాట అదొక్కటే.