అవ్వకు చూపొచ్చిన రోజు

నిన్న బస్టాండులో కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న ఒక ముసలామెను చూస్తే మా అవ్వ గుర్తొచ్చింది. మన ఊరోళ్లారా, కంబదూరులో సేవాసంఘం వాళ్లు పెట్టిన కంటి శిబిరం మీకు జ్ఞాపకముందా? ఆ షామియానా, గరగరలాడే మైకు, డెట్టాల్ వాసన, మనకు పంచిన బన్నులు?

ఆ ఏడు వానల్లేక వేరుశనగ ఎండిపోయింది. మేత లేక నాయన ఎద్దులను సంతలో అమ్మేశాడు. వాటిని దూడలప్పటి నుంచి సాకింది అవ్వే. చూపు పోయి, అరుగు దిగలేని అవ్వ రోజూ సాయంత్రం అడిగేది.

"ఎద్దులకు నీళ్లు పెట్టినావా రా?"

"పెట్టినానమ్మా," అనేవాడు నాయన.

శిబిరంలో అవ్వకు ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పిన రోజు సభ పెట్టారు. ముఖ్య అతిథి అవ్వ చేయి పట్టుకొని, "ఈ తల్లికి వెలుగిచ్చాం!" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఊరు చేరగానే అవ్వ నేరుగా కల్లంలోని ఎద్దుల కొట్టం దగ్గరికి నడిచింది. మేత వేసే గాడి ఖాళీగా ఉంది.

"యాడ రా నా ఎద్దులు?"

"మేత లేకపాయ. అమ్మేస్తినమ్మా."

అవ్వ గాడి పక్కనే కూలబడింది.

"కండ్లు లేనప్పుడు నా ఎద్దులు నాకుండె గదరా!"

నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కరోజే.