పిల్లప్ప పడుగు

కబ్బన్‌పేట నేతగాడు పిల్లప్ప యుద్ధం రోజుల్లో సావుకారు నేతకిచ్చిన నూలును దొంగచాటుగా అమ్మి జైలుకు వెళ్లాడు. తప్పు చేయలేదని నేననను. శిక్ష పడ్డాక కూడా ఆ తప్పు అతన్ని వదలకపోవడమే నాకు ఒళ్లు మండించే సంగతి.

నడవడి బాగుందని కొంచెం ముందుగానే వదిలి, విడుదలైన ఖైదీల కోసం దాతలు నడిపే ఆశ్రమంలో పెట్టారు. షరతు ఒక్కటే. గడువు తీరేదాకా ఆశ్రమం బయట పాత ఖైదీలతో కలవకూడదు. కలిస్తే మళ్లీ జైలే. ఆశ్రమం మేనేజరు మునినారాయణప్ప మంచివాడు. ఎవరెవరినో బతిమాలి కాస్త నూలు తెచ్చి పిల్లప్ప చేతిలో పెట్టాడు. "ఇంటికి పోయి దీన్ని నెయ్యప్పా. బట్ట బాగుంటే నీకు పని ఇప్పిస్తా. ఇంక ఇక్కడికి రావద్దు," అన్నాడు.

పడుగు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పొద్దున్నే నూలును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఆరేలోపు ఇరుపక్కలా మనుషులు కుంచెలతో దువ్వాలి. దానికి కూలి లేదు. నీ పడుగుకు నేను, నా పడుగుకు నువ్వు, అంతే.

భార్య అక్కయమ్మ గంజి కాచింది. పిల్లప్ప వీధిలో తోటి నేతగాళ్ల ఇల్లిల్లూ తిరిగాడు. నాగప్పకు ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. నంజప్ప మాత్రం ఉన్నమాట చెప్పాడు.

"నీ పడుగు ముట్టితే సావుకారు మాకు నూలియ్యడు. బేజారు పడొద్దప్పా."

అప్పటికే నూలు తడిసి ఉంది. వదిలేస్తే పాడవుతుంది. పిల్లప్ప దిక్కు తోచక ఆశ్రమానికి పరుగెత్తాడు. జైల్లో తనతోపాటు జంపఖానాలు నేసిన ఆవులప్ప, మరో ముగ్గురు వెంటనే లేచారు.

"మేముండాము కదన్నా, పద!"

నలుగురూ పడుగు పట్టారు. ఎన్నాళ్లకో పిల్లప్ప నవ్వాడు. సగం దువ్వేసరికి పోలీసు జవాను వచ్చాడు. వీధిలో ఎవరో కబురు చెప్పి పుణ్యం కట్టుకున్నారు.

"ఆరిపోతాది సామీ, కొంచెం సేపు నిలబడండి," అని పిల్లప్ప కుంచె వదలకుండా వేడుకున్నాడు.

జవాను నిలబడలేదు. అయిదుగురినీ తీసుకుపోయాడు. మునినారాయణప్ప ఠాణాకు పోయి ఎంత మొత్తుకున్నా షరతు షరతే అన్నారు. పడుగు ఎండకు కట్టెలా బిగుసుకుపోయింది. సాయం రాని వాళ్లందరూ దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచారు. పడుగంటే లక్ష్మి కదా, కాలు తగలకూడదు!

మిగిలిన శిక్ష తీరి పిల్లప్ప ఇంటికొచ్చాడు. పలకరించిన వాళ్లు లేరు. కొన్నాళ్లకు పట్టపగలు అంగట్లో ఇత్తడి చెంబు దొంగిలించి, పారిపోకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఎందుకప్పా ఇట్లా చేసినావు?" అని మునినారాయణప్ప జైలుకెళ్లి అడిగాడు.

"ఆడ పడుగు పట్టేదానికి ఎవురుండారు సామీ? ఈడైతే మనుషులుండారు."

మునినారాయణప్ప వచ్చి చెప్పిన ఆ మాట విని అక్కయమ్మ ఏడవలేదు. మగ్గం విప్పి కట్టెలుగా పొయ్యిలో పెట్టింది. పిల్లప్ప కాళ్లు పెట్టుకుని నేసే గుంటను మట్టితో పూడ్చి, పైన పేడతో అలికేసింది.